పరలోక ప్రార్థన: నోటికి వచ్చింది, మనసుకు రావడం ఎలా?

ఆదివారం ఆరాధన చివరికొచ్చింది. పాస్టర్ గారు "ప్రభువు నేర్పిన ప్రార్థన" అనగానే అందరం లేచి నిలబడతాం. "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టడమే ఆలస్యం, బ్రేకుల్లేని బండిలా "ఆమేన్" దాకా వెళ్లిపోతాం. ఒకసారి కుతూహలం కొద్దీ వాచీ చూశాను. 22 సెకన్లు. అంతలోనే దేవుని రాజ్యం రమ్మన్నాం, అన్నం అడిగాం, అప్పులు మాఫీ చేయమన్నాం, సైతాను నుంచి తప్పించమన్నాం. ఏం అడిగామో బయట చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు ఎవరైనా ఆపి అడిగితే చాలామందిమి తడబడతాం.

ఈ ప్రార్థన కంఠతా వచ్చినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. కొత్తగా నేర్చుకునేవారికి పెద్ద ఇబ్బంది ఉండదు, ప్రతి మాటా కొత్తగా వినిపిస్తుంది. ఇబ్బందంతా మనకే. కావలసినవి ఒక నోట్‌బుక్కు, పెన్ను, రోజుకు పది నిమిషాలు. వేదాంత కళాశాలలో చదివి ఉండనక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గమనించండి. ఈ ప్రార్థనలో "నేను", "నా" అనే మాటలు ఒక్కసారి కూడా రావు. మా తండ్రీ, మా ఆహారము, మా ఋణములు, మమ్మును తప్పించుము. మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పుగా ఉన్న సిప్రియను ఈ మాట మీద చాలాసేపు ఆగాడు. తలుపు వేసుకుని ఒంటరిగా చేసినా ఇది గుంపు ప్రార్థనే. కింద చెప్పబోయే అడుగులన్నీ ఈ "మా" చుట్టూనే తిరుగుతాయి.

మొదటి అడుగు: చేత్తో రాయండి

ముందు బైబిలు తెరిచి మత్తయి 6:5 నుంచి 15 వరకు, ఆ తర్వాత లూకా 11:1 నుంచి 13 వరకు చదవండి. ప్రార్థన ఒకటే, సందర్భాలు రెండు. మత్తయిలో యేసు కొండమీద బోధిస్తూ, వీధి మూలల్లో నిలబడి నలుగురికీ కనబడేలా ప్రార్థించేవాళ్లను, మాటలు పెంచితేనే దేవుడు వింటాడనుకునేవాళ్లను విమర్శించి, "మీరైతే ఇలా చేయండి" అంటూ దీన్ని నేర్పాడు. లూకాలో ఆయన ప్రార్థన ముగించాక ఒక శిష్యుడు వచ్చి, బాప్తిస్మమిచ్చే యోహాను తన శిష్యులకు నేర్పినట్టు మాకూ నేర్పమని అడిగాడు. లూకా పాఠం చిన్నది. అంటే మొదటి తరం సంఘమే దీన్ని రెండు రూపాల్లో భద్రపరిచింది. ఒక్క అక్షరం తప్పితే పనిచేయని మంత్రం కాదిది.

ఇప్పుడు మీ సంఘంలో చెప్పే పాఠాన్ని నోట్‌బుక్కులో ఒక్కో విన్నపం ఒక్కో లైనుగా, మధ్యలో నాలుగేసి లైన్లు ఖాళీ వదిలి రాయండి. తర్వాత మీది కాని పాఠాన్ని పక్కన రాయండి. ప్రొటెస్టెంటులైతే కతోలికుల పరలోక జపం, కతోలికులైతే ప్రొటెస్టెంటుల పాత తెలుగు బైబిలులోని మాటలు. పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన బైబిలు "నీ నామము, నీ రాజ్యము, నీ చిత్తము" అంటుంది. కతోలిక సోదరులు "మీ నామము, మీ రాజ్యము, మీ చిత్తము" అంటారు. ఇంట్లో నాన్నను "నువ్వు" అనే కుటుంబాలూ, "మీరు" అనే కుటుంబాలూ ఉన్నట్టే. ఒకరిది చనువు, ఒకరిది మర్యాద. నాకు "నీ" అలవాటు. కానీ మనసు మరీ తేలికైపోయిన రోజున కావాలని "మీ" అని చెప్పుకుంటాను. మాట మారితే కూర్చునే తీరు కూడా మారుతుంది. కావాలంటే మీరూ ఓసారి చూడండి.

మూడో వరసలో ఇంట్లో మాట్లాడే తెలుగులో మీరే రాసుకోండి. నాది ఇలా వచ్చింది:

పరలోకంలో ఉన్న మా నాన్నా, నీ పేరు పవిత్రమని అందరూ ఒప్పుకోవాలి. నీ పాలన రావాలి. అక్కడ నీ మాట ఎలా సాగుతోందో ఇక్కడా అలాగే సాగాలి. ఇవాళ్టి అన్నం ఇవాళ మాకు పెట్టు. మాకు బాకీపడ్డవాళ్లను మేం వదిలేశాం, నువ్వూ మా బాకీలు వదిలెయ్యి. మమ్మల్ని పరీక్షలో పడనీయకు, చెడ్డవాడి చేతిలోంచి తప్పించు.

దీన్ని ఆరాధనలో చెప్పమనడం లేదు. "పరిశుద్ధపరచబడుగాక" అన్నప్పుడు లోపల ఏం అంటున్నామో తెలియడానికి మాత్రమే. రాస్తూ ఏ లైను దగ్గర పెన్ను ఆగిందో అక్కడ ఒక చుక్క పెట్టుకోండి.

రెండో అడుగు: తలుపు వేసుకోండి, తలుపు లేకపోయినా

"నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసుకొని" అన్నాడు యేసు. ఆ గదికి గ్రీకులో వాడిన మాటకు ఇంట్లో సరుకులు దాచుకునే లోపలి గది అని అర్థం. గింజలూ నూనే ఉండే కొట్టు గది అనుకోండి. ప్రార్థన గదని వేరే ఉన్నవాళ్లకు చెప్పిన మాట కాదు. ఒకే గది ఇంట్లో ఐదుగురుంటే? తెల్లవారుజామున మేడ మెట్ల మీద కూర్చునేవాళ్లను, ఆఫీసు పార్కింగులో బండి ఆపి రెండు నిమిషాలు కళ్లు మూసుకునేవాళ్లను చూశాను. నెత్తిన కొంగు కప్పుకుంటే అదే గది అయిపోయే తల్లులు మన ఊళ్లలో ఎంతమందో.

ఎన్నిసార్లు? తొలి సంఘాల కాలం నాటి "దిదకే" అనే చిన్న నియమావళిలో ఈ ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయమని ఉంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని పెట్టుకోవచ్చు. కానీ మొదటి నెల ఒక్కసారి చాలు. నిదానంగా.

నిదానం అన్నది ఎంత ముఖ్యమో చెప్పడానికి జర్మనీలో ప్రొటెస్టెంటు సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథరు గుర్తొస్తాడు. ఆయనకు గడ్డం గీసే పేతురు అనే మంగలి, ప్రార్థన ఎలా చేయాలో చెప్పమని అడిగితే, 1535లో ఆయన కోసమే ఒక చిన్న పుస్తకం రాసిచ్చాడు. అందులో మంగలి పనినే ఉదాహరణగా తీసుకున్నాడు. మంచి మంగలి చూపంతా కత్తి మీదా వెంట్రుకల మీదా పెడతాడు, కబుర్లలో పడితే ముక్కో నోరో చివరికి గొంతో తెగుతుంది, ప్రార్థనా అంతే అని. ఇంకో సలహా కూడా ఇచ్చాడు. ఒక విన్నపం దగ్గర మనసు పట్టుకుంటే అక్కడే ఉండు, మిగిలినవి ఆ పూటకు వదిలెయ్యి. ఆదివారం అందరితో కలిసి మొత్తం చెప్పండి. ఇంట్లో మాత్రం ఒక్క లైను దగ్గర పది నిమిషాలు గడిచిపోతే తప్పేమీ చేయలేదు. ఈ పేతురు కథ ఇంకా ఉంది, తర్వాత చెబుతాను.

మూడో అడుగు: "పరలోకమందున్న మా తండ్రీ" దగ్గర ఆగండి

తెలుగుకు ఒక వరం ఉంది. "మా" వేరు, "మన" వేరు. ఎదుటివాణ్ని కలుపుకుంటే మన, కలుపుకోకపోతే మా. దేవునితో మాట్లాడుతున్నాం కాబట్టి "మా తండ్రీ". అదే పక్కవాడితో అంటే "మన తండ్రి". ఈ రెంటినీ కలిపి అభ్యాసం చేయండి. "మా తండ్రీ" అని ఆగి, ఆ "మా"లో ఎవరెవరున్నారో ముగ్గురి పేర్లు తలుచుకోండి. ఇంట్లో ఒకరు, సంఘంలో ఒకరు. మూడోవారు మీకు గిట్టనివారు. ఆ మూడో పేరు దగ్గర నోరు రాకపోతే ఆ రోజు ప్రార్థన అక్కడే మొదలైనట్టు.

యేసు తండ్రిని అరమాయికులో "అబ్బా" అని పిలిచినట్టు మార్కు 14:36లో ఉంది. మన పల్లెల్లో "వాళ్లబ్బ", "అబ్బ సొత్తా?" అంటారు కదా, పాత తెలుగులో అబ్బ అంటే తండ్రే. రెండు భాషలకూ చుట్టరికం లేదు, మాట అలా కలిసిందంతే. అయినా దెబ్బ తగిలినప్పుడు "అబ్బా" అని అరిచేది మనమేనని గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ వచనం కొత్తగా వినిపిస్తుంది.

అందరికీ "తండ్రి" తీపి మాట కాదు. తాగొచ్చి కొట్టిన నాన్న, వదిలేసి వెళ్లిన నాన్న గుర్తొస్తే ఈ మొదటి మాటే ముల్లవుతుంది. అలాంటివారు బలవంతంగా చెప్పుకోనక్కర్లేదు. కొన్నాళ్లు లూకా 15లో కొడుకుని దూరం నుంచే చూసి పరుగెత్తిన తండ్రి కథ చదివి, ఆ మనిషిని తలుచుకుని ఈ మాట అనండి. యెషయా 66:13లో దేవుడు తల్లి ఆదరించినట్టు ఆదరిస్తానని కూడా అన్నాడు. ఇంట్లోని నాన్నను బట్టి పరలోకపు తండ్రిని కొలవమని ఈ ప్రార్థన చెప్పదు. కొలత అటునుంచి ఇటు వస్తుంది.

"పరలోకమందున్న" అనే మాట దూరాన్ని చెప్పడానికి కాదు. చనువు ఎక్కువై ఆయన్ను మన పనులు చేసిపెట్టేవాడిగా చూడకుండా ఆపడానికి.

నాలుగో అడుగు: మూడు "నీ"లు, మన జాబితా కంటే ముందు

అన్నం అడగకముందే ఆయన పేరు, ఆయన పాలన, ఆయన ఇష్టం. మామూలుగా మన ప్రార్థనలు ఉద్యోగం, పెళ్లి, వీసా, బీపీ అని నేరుగా మొదలవుతాయి. వాటిని అడగడం తప్పు కాదు, అవి ఐదో అడుగులో వస్తాయి. వరస మాత్రం మార్చకండి.

"నీ నామము పరిశుద్ధపరచబడుగాక." ఆ "గాక" మనకు దీవెనలో వినిపించే మాట. అందుకే చాలామందికి ఇది దేవుణ్ని మనం దీవిస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఇది విన్నపం. యూదులు ఇప్పటికీ చెప్పే ఖద్దీషు ప్రార్థన కూడా ఆయన గొప్ప నామం ఘనపరచబడాలి, పరిశుద్ధపరచబడాలి అనే మొదలవుతుంది. యేసు తన జనం ప్రార్థించే తీరులోనే మాట్లాడాడు. యెహెజ్కేలు 36లో, తన ప్రజలు వెళ్లిన చోటల్లా తన పేరు పాడైందని దేవుడే వాపోతాడు. కాబట్టి అభ్యాసం సులువు. ఇవాళ ఆయన పేరు నా వల్ల ఎక్కడ పాడవుతుందో ఒక చోటు చెప్పుకోండి. బండి వెనక "యేసు రక్తమే జయము" అని రాయించుకుని రెడ్ సిగ్నల్ దాటేవాణ్ని చూసి నవ్వుకున్నాను. అదే వారం రిజిస్ట్రేషన్‌లో స్థలం విలువ తగ్గించి చూపించిన కాగితం మీద నా సంతకం పడింది. నవ్వు ఆగిపోయింది.

"నీ రాజ్యము వచ్చుగాక." దీన్ని చచ్చాక వెళ్లే చోటుగానే వింటాం. అడుగుతున్నది మాత్రం అది ఇక్కడికి రావాలని. ఆ రోజు పేపర్లో చదివిన ఒక వార్తను, ఒకే ఒక వార్తను, ఈ లైనుకు కట్టండి. ఎవరి పొలమో మునిగింది, ఎవరి కూతురో ఇంటికి రాలేదు. అక్కడ నీ పాలన రావాలి అని చెప్పండి.

"నీ చిత్తము నెరవేరును గాక." దీన్ని మనం ఓడిపోయినవాళ్ల మాటగా మార్చేశాం. చావింట్లో, ఆస్పత్రి బయట, "అంతా ఆయన చిత్తం" అంటాం. యేసు ఇదే మాట సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో చెప్పాడు. అయితే ముందు ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, తొలగించమని అడిగాడు, చెమట కారేలా అడిగాడు, మూడుసార్లు వెళ్లి ప్రార్థించాడు. అడగాల్సింది అడిగేశాక వచ్చిన మాట అది. కాబట్టి ఈ లైనును రెండు భాగాలుగా రాయండి. పైన "నాకు కావలసింది ఇది" అని నిజం రాయండి, దాచకుండా. కింద "అయినా నీ ఇష్టం" అని రాయండి. పైది రాయకుండా కిందది రాస్తే అది విశ్వాసం కాదు, మొహమాటం.

ఐదో అడుగు: ఇవాళ్టి అన్నం

యేసు వాడిన మాట రొట్టె. మన అనువాదకులు దాన్ని "ఆహారము" చేశారు, కతోలిక పాఠం ఏకంగా "మా అన్నము" అంది. సరైన పనే. వరి తినే ఊరికి రొట్టె పండగ పూట తినేదవుతుంది, అన్నం లేకపోతే ఆకలి.

"అనుదిన" అని మనం చెప్పే చోట గ్రీకులో ఉన్న మాట చాలా అరుదైనది. కొత్త నిబంధన అంతటిలో ఈ ప్రార్థనలోనే, మత్తయిలో ఒకసారీ లూకాలో ఒకసారీ, కనిపిస్తుంది. మూడో శతాబ్దపు పండితుడు ఒరిగెను, గ్రీకు మాతృభాష అయినవాడే, ఈ మాట జనం వాడగా వినలేదన్నాడు. ఈ రోజుకు సరిపడా అనా, బతకడానికి కావలసినంత అనా, రేపటిది అనా అని ఇంకా వాదిస్తూనే ఉన్నారు. ఏ అర్థం తీసుకున్నా ఏడాదికి సరిపడా అని మాత్రం రాదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు పెట్టిన ఆహారం, మన్నా, కూడా అంతే. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, తెల్లారేదాకా దాచినది పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు ఏరుకోమన్నాడు, అది పాడవలేదు. కాబట్టి దాచుకోవడమే పాపమని ఎవరూ అనక్కర్లేదు. పీఎఫ్ తీసేయమని నేను చెప్పడం లేదు.

అభ్యాసం. ఈ లైను కింద ఇవాళ్టికి కావలసినవి మాత్రమే రాయండి. కిరాణా కొట్టు చీటీ రాసినంత మామూలుగా. పాల ప్యాకెట్టు, అమ్మ షుగరు మాత్రలు, మధ్యాహ్నం మీటింగులో నోరు జారకుండా ఉండడం. లూథరు తన చిన్న ప్రశ్నోత్తర పుస్తకంలో ఈ అన్నం కింద బట్టలు, ఇల్లు, పశువులు, మంచి వాతావరణం, మంచి ప్రభుత్వం, మంచి ఇరుగుపొరుగు దాకా చేర్చాడు. ఇరుగుపొరుగు కూడా అన్నమే అన్న మాట అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు చప్పున అర్థమవుతుంది. రాసిన జాబితాలో రేపటి బెంగ ఏదైనా దూరితే కొట్టేయకండి, పక్కన "రేపు" అని రాసి రేపటి పేజీలో పెట్టండి.

ఇక "మా". లూకాలో ఈ ప్రార్థన నేర్పిన వెంటనే యేసు ఒక కథ చెప్పాడు. అర్ధరాత్రి ఒకడు స్నేహితుడి తలుపు కొట్టి మూడు రొట్టెలు బదులడుగుతాడు. ఎవరి కోసం? తన కోసం కాదు, అప్పుడే ప్రయాణం చేసొచ్చిన ఇంకో స్నేహితుడి కోసం. పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదు. మా అన్నం అంటే అదీ. కాబట్టి జాబితాలో ఒక వస్తువు మీ ఇంటిది కానిది ఉండాలి. వీధిలో పనమ్మాయి ఇంటి గ్యాసు బండ కావచ్చు. రాసిన తర్వాత దేవుడు ఆ వినతిని మీ పర్సు వైపే తిప్పడం తరచూ జరుగుతుంది. ఈ విషయం ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

ఆరో అడుగు: బాకీల లెక్క

ఇదే అసలు కష్టం. ఎక్కువ రోజులు ఇక్కడ గడపండి.

మనవాళ్లు కొన్నిచోట్ల "అపరాధములు" అంటారు, బైబిల్లో మత్తయి "ఋణములు" అంటాడు, కతోలిక పాఠం ఇంకా సూటిగా "అప్పులు" అంటుంది. లూకాలో మాత్రం "పాపములు". నాకు అప్పు అన్న మాటే ఇష్టం, ఎందుకంటే మనం మనుషుల మీద నిజంగా ఖాతా రాసుకుంటాం. "పెళ్లికి పిలవలేదు", "నాన్న పోయినప్పుడు రాలేదు", "అరెకరం గట్టు జరిపాడు". వడ్డీ కూడా లెక్కేస్తాం.

మత్తయిలో ఈ ప్రార్థన ముగించాక యేసు మళ్లీ వివరించింది ఈ ఒక్క లైనే. మత్తయి 6:14, 15: మనుషుల అపరాధాలను మీరు క్షమిస్తే పరలోకపు తండ్రి మిమ్మల్ని క్షమిస్తాడు, క్షమించకపోతే ఆయనా క్షమించడు. దీన్ని మెత్తబరచడానికి ఎంతమంది ఎన్ని రకాలుగా ప్రయత్నించినా మాట అలాగే ఉంది.

దాని లోతు తెలియాలంటే మత్తయి 18లో, రాజు తన బాకీ మాఫీ చేసినా తోటివాడి బాకీ వదలని దాసుడి కథకు లెక్క కట్టండి. ఒక దేనారం ఒక రోజు కూలి. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. రాజుకు ఆ దాసుడు అచ్చియున్నది (బాకీ ఉన్నది) పదివేల తలాంతులు, అంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు పడుతుంది. వాడికి తోటివాడు అచ్చియున్నది నూరు దేనారాలు. రోజు కూలి 600 రూపాయలనుకుందాం. వాడికి రావలసింది 60 వేలు, వాడికి మాఫీ అయింది 3,600 కోట్లు. ఇక్కడ ఒకటి గమనించాలి. 60 వేలు చిన్న మొత్తం కాదు. మీకు జరిగిన అన్యాయం చిన్నదని యేసు ఎక్కడా అనలేదు. మూడు నెలల కష్టం పోయినవాడి నొప్పి నిజమైనదే. పక్కన పెట్టిన అంకె మాత్రం ఊహకు అందదు.

ఇప్పుడు పని. నోట్‌బుక్కు చివరి పేజీ తీసి మూడు వరసలు గీయండి. మొదటి వరసలో నేను ఎవరికి బాకీ? పేరు, ఏం చేశాను. దీన్ని ముందు రాయాలి, లేకపోతే కోర్టు నడపడం మొదలుపెడతాం. రెండో వరసలో నాకు ఎవరు బాకీ? పేరు, ఏం పోయింది. "బాధపెట్టాడు" అని కాదు, పోయినదాన్ని పేరు పెట్టి రాయండి: పరువు, 40 వేలు, చెల్లెలితో మాటలు. మూడో వరస ఖాళీగా ఉంచండి. రోజూ రెండో వరసలోంచి ఒక్క పేరు మాత్రమే తీసుకుని, "ఇతను నాకు ఇది అచ్చియున్నాడు. వదిలేస్తున్నాను" అని పెదవులతో పలకండి. పలకలేకపోతే "వదిలేయాలని ఉంది, చేతకావడం లేదు" అనండి. అది కూడా ప్రార్థనే. వదిలేశానని అనిపించిన రోజున మూడో వరసలో తారీఖు వేయండి. ఒకే పేరుకు నాలుగు తారీఖులు పడొచ్చు, నా పేజీలో ఒకరికి పదకొండు ఉన్నాయి. కోపం పండగలకు చుట్టంలా తిరిగొస్తుంది. శిష్యుడైన పేతురు ఏడుసార్లా అని అడిగితే డెబ్బది ఏళ్ల మారులని (డెబ్బై ఏడుల సార్లు) ప్రభువు చెప్పింది బహుశా ఒకే నేరానికి కూడా వర్తిస్తుంది.

క్షమాపణ పేరుతో మన సంఘాల్లో జరిగే ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. కట్నం కోసం కొట్టిన ఇంటికి "క్షమించి వెళ్లమ్మా" అని ఆడపిల్లను పంపడం, పిల్లల మీద చెయ్యి వేసినవాడి మీద కేసు వద్దని పెద్దలు సర్దిచెప్పడం. ఈ లైను ఆ మాట చెప్పదు. పగ వదిలేయడం వేరు, మళ్లీ కొట్టించుకోవడానికి వెళ్లడం వేరు. మనసులో బాకీ కొట్టేసిన మనిషి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, మిగతా పిల్లల్ని కాపాడాలంటే ఇవ్వాలి కూడా. క్షమించడానికి ఒకరు చాలు. మళ్లీ కలిసి బతకడానికి ఇద్దరు కావాలి, అందులో తప్పుచేసినవాడు మారి ఉండాలి.

చివరిగా ఆ పేజీని ఎవరికీ చూపించకండి. నిండిన తర్వాత చించి కాల్చేయండి.

ఏడో అడుగు: శోధన

"మమ్మును శోధనలోకి తేక." దేవుడు మనల్ని శోధనలోకి తెస్తాడా? యాకోబు 1:13 ఆయన ఎవరినీ శోధింపడంటుంది. ఈ చిక్కు మీద పోప్ ఫ్రాన్సిస్ 2017లో మాట్లాడారు, ఫ్రెంచి కతోలికులు ఆ ఏడాదే ఆరాధనలో ఆ మాటను "మమ్మల్ని శోధనలో ప్రవేశించనివ్వకు" అన్న అర్థం వచ్చేలా మార్చుకున్నారు. మన కతోలిక పాఠంలో "శోధనయందు ప్రవేశింపనివ్వక" అనే మాట ఉండనే ఉంది.

తెలుగులో శోధన అంటే పరీక్షించడం కూడా, పరిశోధన అనే మాట అక్కడిదే. గ్రీకు మాటకూ రెండర్థాలూ ఉన్నాయి: పరీక్ష, పాపం వైపు లాగడం. జబ్బు శోధన, లాభం కూడా శోధనే. గెత్సేమనేలో యేసు శిష్యులతో అన్నది గుర్తుందా? శోధనలో ప్రవేశించకుండా మెలకువగా ఉండి ప్రార్థించమన్నాడు. వాళ్లు నిద్రపోయారు.

మంగలి పేతురు కథ ఇక్కడే మిగిలింది. లూథరు ఆయనకోసం ప్రార్థన పుస్తకం రాసిచ్చిన ఆ 1535లోనే, ఈస్టరుకు ముందు రోజు, కుటుంబమంతా భోజనానికి కూర్చున్నప్పుడు, తాగిన మైకంలో పేతురు తన అల్లుణ్ని పొడిచి చంపాడు. లూథరు తదితరులు అడ్డుపడడంతో ఉరి తప్పి దేశబహిష్కారం పడింది. ఆస్తి పోయింది. ప్రార్థన నేర్చుకున్నవాడే, అడిగి మరీ నేర్చుకున్నవాడే. ఈ కథ తెలిసినప్పటినుంచి ఈ లైనును నేను తొందరగా దాటలేకపోతున్నాను.

అభ్యాసం చిన్నది. ఇవాళ ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు నేను జారతానో రాయండి. "రాత్రి 11, ఫోను" అన్నంత కచ్చితంగా. ఆపైన మీ చేతిలో ఉన్నది చేయండి. ఫోను వంటింట్లో చార్జింగుకు పెట్టడం, ఆ పెళ్లిలో మందు బల్ల దగ్గర కూర్చోకపోవడం. ఇక్కడా "మమ్మును" అనే ఉంది. మీ బలహీనత తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి.

ఎనిమిదో అడుగు: ముగింపు మాటలు

"రాజ్యము, బలము, మహిమ నిరంతరము నీవే." మత్తయి సువార్త అతి ప్రాచీన ప్రతుల్లో ఈ మాటలు లేవు. అందుకే కొన్ని బైబిళ్లలో అంచున వివరణగా ఉంటాయి, కతోలిక పాఠం కీడు దగ్గరే ఆగిపోతుంది. అయితే దిదకేలోనే దీని పొట్టి రూపం ఉంది కాబట్టి సంఘం చాలా తొలిరోజుల్లోనే ఇలా ముగించడం మొదలుపెట్టింది. దావీదు 1 దినవృత్తాంతములు 29:11లో చేసిన స్తుతికి దగ్గరగా ఉంటుంది. మీ సంఘం చెప్పినట్టు చెప్పండి, దీనికోసం ఎవరితోనూ వాదించకండి.

ఇక రోజువారీ సంగతి

మొదటి వారం రోజుకొక్క లైను. రెండో వారం నుంచి మొత్తం చెబుతూ, చుక్క పెట్టుకున్న లైను దగ్గర ఆగండి. బాకీల లైను మాత్రం ఏ రోజూ దాటేయకండి.

మనసు మొద్దుబారిన రోజులుంటాయి. జ్వరం, ఐసీయూ బయట కుర్చీ, పిల్ల ఏడుపుతో నిద్రలేని రాత్రి. అప్పుడు ఈ అభ్యాసాలన్నీ పక్కనపెట్టి ఆ 22 సెకన్ల వేగంతోనే చెప్పేయండి. నోటికి వచ్చి ఉండడం అలాంటి రోజుల కోసమే. మతిమరుపు జబ్బుతో కన్నకొడుకు పేరు మరిచిపోయిన ఒక పెద్దావిడ "పరలోకమందున్న" అని మనం అందిస్తే చివరిదాకా తప్పు లేకుండా చెప్పడం నేను పక్కనే కూర్చుని విన్నాను.

కుటుంబ ప్రార్థనలో పిల్లలుంటే ఒక లైను వాళ్ల చేత అడిగించండి. "ఇవాళ మన అన్నంలో ఎవరిని కలుపుదాం?" అంటే పిల్లలు మనకు తట్టనివాళ్లను చెబుతారు. స్కూలు ఆటో అంకుల్‌ను, లిఫ్టు దగ్గర కుక్కను కూడా.

పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, వారానికోసారి వీడియో కాల్‌లో కలిసి ప్రార్థించే ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మనవలకు తెలుగు పాఠం రాదని వాళ్లను మ్యూట్‌లో పెట్టకండి. వాళ్లు ఇంగ్లీషులో, అమ్మమ్మ గ్రాంథికంలో, ఎవరి భాషలో వాళ్లు ఒకేసారి చెప్పొచ్చు. నెట్ నెమ్మదిగా ఉంటే అమ్మమ్మ ఇంకా "మా ఋణములు" దగ్గరే ఉండగా వాళ్లది అయిపోతుంది. కాల్ కట్ చేయకండి. ఆవిడ "ఆమేన్" వచ్చేదాకా ఆగండి.